నాలుగోసారి తొక్కినప్పుడు

పోయిన వారం మేస్త్రీ ఫోను చెవికి ఆనించుకుని షెడ్డు మధ్యలో నిలబడి ఉండగా కథ ఆపాం. రెండేళ్లుగా వేరుగా ఉంటున్న భార్యకు అతను ఫోను చేశాడు. ఆమె తమ్ముణ్ని ఇంటిల్లిపాదీ చిన్నోడంటారు. మేస్త్రీ తయారుచేసిన పోటీ కారు నడుపుతూ వాడు మలుపు దగ్గర గోడకు గుద్దుకున్నాడు. బ్రేకు పెడలు రాయైపోయింది, కారు ఆగలేదు అన్నాడు. బ్రేకుల్లో ఏ లోపమూ లేదని మేస్త్రీ పోటీల సంఘానికి సంతకం పెట్టి ఇచ్చాడు. సంతకమే నెగ్గింది. పోటీల్లో నడపడానికి ఇచ్చిన చిన్నోడి డ్రైవరు కార్డు లాగేసుకున్నారు. ఆ వారంలోనే ఆమె ఒక పెట్టె సర్దుకుని, వాడికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని వెళ్లిపోయింది. ఇన్నాళ్లకు మేస్త్రీ ఫోను చేసి, ఒక్కసారి రా, నీకొకటి చూపించాలి అన్నాడు. అవతలి నుంచి ఊపిరి మాత్రం వినిపించింది.

ఆమె మర్నాడు, సోమవారం పొద్దున వచ్చింది.

మేస్త్రీ అప్పటికే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతికి పని తోచక నిన్న కడిగిన పానాలనే మళ్లీ కడుగుతున్నాడు. ఎదురు కొట్లో టైర్లాయన అది చూసి, పాలిషు బండికి పెట్టావా, నీకు పెట్టుకున్నావా అని రోడ్డు మీదికి వినపడేలా అడిగాడు. మేస్త్రీ ఇంకో పానా అందుకున్నాడు. ఆమె ఆటో దిగడం చూసి టైర్లాయన నోరు కట్టేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

గుమ్మంలో చెప్పులు విప్పలేదామె. ఒకప్పుడు విప్పేది. ఆయిలు మరకల నేల మీద కూడా, ఇది మన ఇంటి ముందు గదే కదా అని ఉత్త కాళ్లతో తిరిగేది. ఇప్పుడు గడప అవతలే నిలబడి, వచ్చీపోయే బండ్లవాళ్లు పిలిచినట్టే పిలిచింది.

"మేస్త్రీగారూ, రమ్మన్నారట."

అతని దగ్గర రెండేళ్ల మాటలు ఉన్నాయి. రాత్రిళ్లు పేర్చుకున్నవి, పొద్దున్నే చెరిపేసుకున్నవి. మంచినీళ్లు తాగుతావా అని అడిగాడు. వద్దంది.

ఆమె చూపు వెనక గదిలోకి వెళ్లింది. అక్కడ కిటికీ కింద ఆమె కుట్టు మిషను ఉంది. కార్ల సీట్లకు కవర్లు కుట్టేదామె. దళసరి రెక్సీను కూడా గుడ్డలాగా వంగేది ఆమె చేతిలో. మిషను సూదిలో ఎర్ర దారం ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది. పాదం కింద రెక్సీను ముక్క సగం కుట్టుతో ఆగి ఉంది. దుమ్ము మాత్రం లేదు. రోజూ ఎవరో తుడుస్తున్నారని చూడగానే తెలుస్తుంది.

"దారం చివికిపోయి ఉంటుంది, తీసెయ్యాల్సింది" అంది.

"తియ్యబుద్ధి కాలేదు" అన్నాడు.



షెడ్డు గోడకు రెండు బల్లలున్నాయి. ఎడమ చేతి వైపుది ఇంజను బల్ల, కుడి చేతి వైపుది బ్రేకుల బల్ల. మేస్త్రీకి పని నేర్పిన పెద్దాయన పెట్టిన పద్ధతది. ఇంజను నుంచి తీసిందేదైనా ఎడమ బల్ల మీదికి, చక్రం దగ్గర తీసిందేదైనా కుడి బల్ల మీదికి వెళ్లాలి. కలిపితే చెంప మీద ఒకటి పడేది. ఇరవయ్యేళ్లుగా మేస్త్రీ ఆ గీత దాటలేదు. ఇప్పుడు ఎడమ బల్ల మీది పాత సామానులోంచి గుప్పెడంత ఇనప వస్తువొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నిమ్మకాయలు నాలుగు కలిపితే ఎంత బరువో అంతే ఉంది.

అతను చెప్పాల్సింది చెప్పాడు. వాక్యానికీ వాక్యానికీ మధ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నిదానంగా చెప్పాడు.

పెడలు తొక్కే కాలికి అంత బలం ఉండదు. పెడలు వెనక ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది, అది సాయం పడుతుంది. ఆ డబ్బాకు బలం ఇంజను పీల్పు నుంచి వస్తుంది. ఇంజను గాలి పీల్చేటప్పుడు డబ్బాలో గాలిని కూడా లాగేస్తుంది, ఆ లోటే కాలికి తోడు. మామూలు కారుకు అది చాలు. టర్బో ఉన్న కారు వేరు. యాక్సిలరేటరు తొక్కి ఉంచితే టర్బో గాలిని ఇంజనులోకి తోస్తుంది తప్ప ఇంజను పీల్చదు. అప్పుడు డబ్బాలో ఉన్న నిల్వతోనే బ్రేకు పడాలి. ఆ నిల్వ మూడు తొక్కులకు వస్తుంది, మహా అయితే నాలుగు. అందుకే కారు తయారుచేసినవాళ్లు వేరే ఒక చిన్న పంపు పెడతారు, ఇంజను పీల్చినా పీల్చకపోయినా డబ్బాను ఖాళీ కానివ్వకుండా. పెద్ద టర్బో బిగించేటప్పుడు చోటు చాలక మేస్త్రీ ఆ పంపు ఊడదీశాడు. ఆమె చేతిలో ఉన్నది అదే.

అది ఇంజనుకు బిగించి ఉంది కాబట్టి ఎడమ బల్ల మీద పెట్టాడు. బ్రేకులు ఏమైనా మార్చావా అని సంఘంవాళ్లు అడిగినప్పుడు అతను కుడి బల్ల వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. మార్చలేదు అన్నాడు. అబద్ధం అనుకుని చెప్పలేదు. నుజ్జయిన కారులోనే అందరి ముందూ కూర్చుని, ఇంజను ఊరికే తిరుగుతుండగా పెడలు తొక్కి చూపించాడు. వెన్నలోకి దిగినట్టు దిగింది. ఊరికే తిరిగే ఇంజనుకు పీల్పు నిండుగా ఉంటుంది మరి. షెడ్డులో తొక్కితే ఆ జబ్బు జన్మలో కనపడదు.

ఆమె పంపును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా చూపిస్తానన్నది?"

"ఇది కాదు. రా, కారెక్కు" అన్నాడు.

ఆ కారునే ఈ రెండేళ్లలో ముక్క ముక్కగా మళ్లీ నిలబెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరికోసమో అతనూ చెప్పలేదు. ఎలా ఉండేదో అలాగే బిగించాడు, పంపు లేకుండానే. నడిపి చూసిన రోజే లోపం ఎక్కడుందో తెలిసింది. సీట్లు మాత్రం మార్చలేదు. అవి ఆమె కుట్టినవి. కూర్చోబోతూ ఆమె సీటు అంచు కుట్టు మీద వేలు పోనిచ్చింది. ఒకచోట రెండు కుట్లు వంకర. కుడుతున్నప్పుడు వెనక నుంచి వచ్చి మెడ మీద చల్లటి చెయ్యి వేశాడని ఆ రోజు అతన్ని తిట్టింది. వేలు అక్కడ ఒక క్షణం ఆగి, వచ్చేసింది. అతను చూడనట్టు అద్దం సరిచేసుకున్నాడు.

ప్రాక్టీసు ట్రాక్ ఊరికి అవతల. పని రోజు కావడంతో కాపలాదారు తప్ప మనిషి లేడు. కారు లోపల పాత వాసనలే ఉన్నాయి, పెట్రోలు, రెక్సీను, ఆమె తలకు రాసుకునే నూనె. మూడోది రెండేళ్లుగా లేదు. అతను కిటికీ అద్దం దించబోయి మానుకున్నాడు.

తిన్నటి దారి చివర మలుపు లేకుండా గడ్డి మిట్ట ఉన్న వైపు ఎంచుకున్నాడు. డబ్బా నుంచి సన్నటి గొట్టం లాగి, దాని కొసకు గుండ్రటి గేజి ఒకటి తగిలించి ఆమె ఒళ్లో పెట్టాడు. ముల్లు ఇరవై దగ్గర నిలబడి ఉంది. అది డబ్బాలో ఉన్న బలం అని చెప్పాడు. నేను తొక్కినప్పుడల్లా ఎంతుందో పైకి చదువు, ఇంకేం చెయ్యొద్దు, బెల్టు గట్టిగా లాక్కో అన్నాడు. బెల్టు బిగించడానికి అతని చెయ్యి సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆమె తనే బిగించుకుంది.

కారు కదిలింది. రెండో గేరు, మూడో గేరు. టర్బో ఈల వేయడం మొదలుపెట్టింది. మేస్త్రీ కుడి కాలు యాక్సిలరేటరు మీద నుంచి తియ్యకుండానే ఎడమ కాలితో బ్రేకు తొక్కాడు. కారు ముక్కు వంచింది. ఈల తగ్గలేదు.

"పదిహేను" అని చదివింది.

మళ్లీ తొక్కాడు.

"తొమ్మిది."

మూడోసారి కారు కొంచెం ఆలోచించాక గానీ నెమ్మదించలేదు. "నాలుగు" అంది. దారి చివర గడ్డి మిట్ట దగ్గరకొస్తోంది.

నాలుగోసారి తొక్కాడు. పెడలు దిగలేదు. గోడను తన్నినట్టుంది కాలికి. నడుము సీటుకు ఆనించి, మోకాలు వణికేదాకా నొక్కాడు, కారు వినలేదు. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. ఆమె చదవలేదు. గేజి వదిలేసి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఏమండీ" అంది.

కుడి కాలు తీసేశాడు. గేరు దించి, చేతి బ్రేకు లాగాడు. ఇంజను పీల్చడం మొదలుపెట్టగానే పెడలు మళ్లీ మెత్తబడింది, అసలేమీ జరగనట్టు, ఎవరినీ ఎప్పుడూ ఏమీ చెయ్యనట్టు. కారు గడ్డి మిట్ట ఎక్కి, కాస్త వెనక్కి జారి నిలబడింది. ఇంజను ఆపాడు.

బయట పేరు తెలియని పిట్ట ఒకటి అదే కూత మళ్లీ మళ్లీ కూస్తోంది. ఆమె చెయ్యి ఇంకా అతని మోచేతి మీదే ఉంది. అది తీసేస్తుందేమోనని అతను కదల్లేదు.

చిన్నోడు చెప్పింది అక్షరాలా నిజం, అన్నాడు. ఆ మలుపుకు ముందు మూడు మలుపులున్నాయి. మూడు తొక్కులు అక్కడ అయిపోయాయి. నాలుగోది గోడ దగ్గర. ఎడమ కాలితో తొక్కడం వాడికి నేర్పింది కూడా తనే. కుడి కాలు తీశావంటే టర్బో నిద్రపోతుంది, మళ్లీ లేపేలోపు పక్కవాడు దాటిపోతాడు అని షెడ్డులో పాత కుర్చీ మీద కూర్చోబెట్టి నేర్పాడు. మామూలుగా నడిపేవాడు బ్రేకు కోసం ఎటూ కుడి కాలు తీస్తాడు, డబ్బా నిండుతుంది. వాడు తియ్యలేదు. ఎందుకంటే బావ తియ్యొద్దన్నాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇక్కడ బావమరిది బతుకే బావ చేతిలో పడి ఇలా అయింది.

ఇదంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది అతనికి. ఇంత పొడుగు మాట పెళ్లయిన కొత్తలో కూడా మాట్లాడి ఉండడు. మాట్లాడుతున్నంతసేపూ ఎదుటి గడ్డినే చూశాడు. చివర్న, నువ్వు కోపంతో వెళ్లావంటే అందులో తప్పు లేదు, అది చెబుదామనే పిలిచాను అన్నాడు.

ఆమె చెయ్యి తీసేసింది.

"కోపమా? మీ మీద నాకు కోపం ఎప్పుడొచ్చింది?"

అతను తిరిగి చూశాడు.

చిన్నోడు ఆస్పత్రి మంచం మీద పెడలు రాయైందక్కా అన్నప్పుడే నమ్మానని చెప్పింది. వాడు పుట్టిన ఆరో నెలలో అమ్మ పోతే ఎత్తుకు తిరిగింది తను. వాడు అబద్ధం చెప్పేటప్పుడు కుడి చెవి గోక్కుంటాడు. ఆ రోజు రెండు చేతులూ దుప్పటి మీదే ఉన్నాయి. కాబట్టి మేస్త్రీ ఎక్కడో పొరపాటు పడ్డాడని ఆమెకు మొదటి రోజే తెలుసు. గేజీ అక్కర్లేదు, పంపూ అక్కర్లేదు.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నానో అడగండి."

అతను తాళం చెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"బ్రేకులు బాగున్నాయని మీరు సంతకం పెట్టారు చూడండి, వాడి కార్డు తీసేస్తున్నాం అని ఆ సంఘం పెద్ద అన్నాడు చూడండి. నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఇక వాడు కారెక్కడు. పోటీ ఉన్న రోజల్లా ఫోను మోగితే నా గుండె ఆగక్కర్లేదు. నా తమ్ముణ్ని అందరూ అబద్ధాలకోరు అంటుంటే, నేను లోపల సంతోషపడుతూ కూర్చున్నాను. మీరు పాపం నిజమనుకుని చెప్పారు. నేను అబద్ధమని తెలిసి సంతోషించాను. ఆ సంతోషం పెట్టుకుని మీ పక్కన ఎలా పడుకోను చెప్పండి. రోజూ మీ మొహం చూస్తే ఏదో ఒక రోజు కక్కేస్తాను. మీరు వెంటనే పోయి సంఘానికి చెప్పేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

గొంతు పెంచలేదు. బొత్తాం ఊడింది అన్నట్టే చెప్పింది. చీర కొంగు అంచు మాత్రం వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

రెండేళ్లు. ప్రతి ఆదివారం ఆమె దారం కొనడానికి వెళ్లే కొట్టు ఎదురుగా, అవతలి వరసలో, బండి ఆపుకుని ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు మేస్త్రీ. తనను చూడకూడదని ఆమె తల తిప్పుకుంటోంది అనుకున్నాడు. ఇప్పుడు ఆమె చెబుతోంది, ఆదివారాలు దారం అక్కర్లేకపోయినా వచ్చేదాన్ని అని. ఆ కొట్టువాడు ఇన్ని దారాలతో ఏం కుడతావమ్మా అని అడిగాడట.

ఇద్దరి మధ్యా గేరు కర్ర ఒక్కటే ఉంది. అది దాటి చెయ్యి చాపితే చాలు.

వాడెలా ఉన్నాడు అని అడిగాడు, చెయ్యి చాపకుండా.

ఉన్నాడంది. పార్కింగు భవనం గేటు దగ్గర మీట నొక్కే పని చేస్తున్నాడు. రోజంతా కార్లు వాడి ముందు నుంచి నత్తల్లా వెళ్తుంటాయి. ఒక్కో కారు శబ్దం విని, దీని బెల్టు వదులైంది, దీనికి ఆయిలు మార్చాలి అని తనలో తను అనుకుంటాడు. తింటాడు, పడుకుంటాడు. నవ్వడు. ఇంట్లో వాడి నవ్వు విని రెండేళ్లయింది. అయినా పొద్దున లేచి చూస్తే మంచం మీద ఉంటాడు. అది చాలు నాకు అంది.

తర్వాత కారు ఎక్కినప్పటి నుంచీ లేనంత మెత్తగా అతని వైపు తిరిగింది.

"ఒక్కటే అడుగుతాను. ఇది సంఘానికి రాయొద్దు. మీరు చూశారు, నేను చూశాను. మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. నా కోసం మీరు ఎవరి ముందూ తలొంచుకోనక్కర్లేదు."

మేస్త్రీ స్టీరింగు చక్రం మీది అతుకును బొటనవేలితో రుద్దాడు. అక్కడ పోయే మరకేమీ లేదు.

"రాసేశాను" అన్నాడు.

నిన్న సాయంత్రమే తన చేత్తో తీసుకెళ్లి సంఘం పెద్దకు ఇచ్చాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఇక ముందు నీ సంతకం ఏ కారుకూ చెల్లదు, తెలిసే రాశావా అని అడిగాడు. తెలిసే అన్నాడు మేస్త్రీ. ఈ పొద్దున మిగతావాళ్లను పిలిచి మాట్లాడతానన్నాడు ఆయన. ముందు ఉత్తరం ఇచ్చేసి, తర్వాత ఆమెను పిలిస్తేనే మగతనం అనుకున్నాడు మేస్త్రీ. ఇవ్వకముందు పిలిస్తే బేరమాడినట్టుంటుంది అనుకున్నాడు.

ఆమె తలుపు తీసుకుని దిగబోయింది. ఒక కాలు గడ్డి మీద పెట్టాక ఆమె సంచిలో ఫోను మోగింది.

తీసి చూసింది. చిన్నోడు.

ఎత్తింది కానీ హలో అనలేదు. అనే అవసరమూ రాలేదు. అవతలి గొంతు అంత గట్టిగా ఉంది, పక్క సీటులో మేస్త్రీకి ప్రతి మాటా వినపడింది. సంఘం పెద్ద ఫోను చేశాడట. కార్డు తిరిగి ఇచ్చేస్తారట. బావే రాసిచ్చాడట, పేజీన్నర, అక్షర దోషాలతో సహా. అక్షర దోషాలు అంటూ వాడు నవ్వాడు. కడుపులోంచి, ఆపుకోలేక, దగ్గొచ్చేలా నవ్వాడు. గేటు దగ్గర ఆగిన కారెవరిదో హారను కొడుతూనే ఉంది, వాడు మీట నొక్కడం మర్చిపోయినట్టున్నాడు.

ఆ నవ్వు వింటూ ఆమె కళ్లు మూసుకుంది. ఏం కనిపించిందో ఆమెకే తెలియాలి. తెరిచేసరికి కళ్లు నిండుగా ఉన్నాయి.

అక్కా, ఆ కారు ఇంకా బావ దగ్గరే ఉందా అని అడుగుతున్నాడు వాడు. తుక్కుకింద ఇచ్చేశాడా, ఉంచాడా? వచ్చే ఆదివారం పోటీ ఉంది. అడిగి చెప్పు. పోనీ నేనే అడగనా?

ఆమె ఫోను మీద అరచెయ్యి కప్పింది. గడ్డి మీద పెట్టిన కాలు మళ్లీ కారులోకి తెచ్చుకుని, తలుపు వేసుకుంది. మేస్త్రీ వైపు వంగి, ఊపిరి అతని చెంపకు తగిలేంత దగ్గరగా అంది.

"కారు లేదని చెప్పండి. నేను ఇవాళే ఇంటికొచ్చేస్తాను."

ఫోను అతని చేతిలో పెట్టింది. ఆమె వేళ్లు అతని వేళ్ల మీద నుంచి వెంటనే పోలేదు.

మేస్త్రీ దాన్ని చెవి దగ్గరికి తీసుకున్నాడు. అవతల హారను ఆగింది. చిన్నోడు నవ్వు ఆపి, గొంతు సవరించుకుని, రెండేళ్లుగా పిలవని పిలుపు పిలిచాడు.

"బావా, ఉన్నావా?"